కొట్టులో తింటే కల్చర్, ఇంట్లో వండితే కంపు

పోయిన శనివారం మా ఇంట్లో పన్నెండు గంటల పాటు పంది ఎముకలు మరిగాయి. ఆదివారం మధ్యాహ్నం నలుగురు స్నేహితులు భోజనానికి వచ్చారు. సాయంత్రమయ్యేసరికి నాలో ఉన్న ఓపికంతా అయిపోయింది. వంట వల్ల కాదు, వాళ్ళ మాటల వల్ల. ఆ మంట చల్లారకముందే రాసెయ్యాలని కూర్చున్నా. కాబట్టి కాస్త ఘాటుగానే ఉంటుంది. వంట విధానం కోసం చదివేవాళ్ళకి అది కూడా ఇందులోనే ఉంది, నిరాశ పడక్కర్లేదు.

నేనుండేది టోక్యోలో, నిషి కసాయి అనే పేటలో. వై2కె భయం పుణ్యమా అని మనవాళ్ళు ఇటువైపు రావడం మొదలుపెట్టారు, తర్వాత ఆగలేదు. ఇప్పుడిక్కడ కందిపప్పుకీ చింతపండుకీ లోటు లేదు. ఆదివారం సాయంత్రం పార్కుకెళ్తే తెలుగు వినబడుతూనే ఉంటుంది.

మనవాళ్ళలో ఓ రకం మనుషులున్నారు. రామెన్ భక్తులు అందాం. వచ్చిన మొదటి నెలలో పెరుగన్నం తప్ప ఏదీ గొంతు దిగదు. ఏడాది తిరిగేసరికి ఏ స్టేషన్ దగ్గర ఏ కొట్టు బాగుంటుందో మనకే పాఠం చెబుతారు. నలభై నిమిషాలు క్యూలో నిలబడతారు. నూడుల్స్ ఎంత గట్టిగా ఉండాలో చెప్పడానికి 'కత', 'బారికత', 'హరిగనే' అని మంత్రాల్లా వల్లిస్తారు. గిన్నె రాగానే ఫోటో. అందులో టోంకోట్సు రామెన్ అంటే మరీను. ఆ తెల్లటి సూపు ఖాళీ చేసి, గిన్నె అడుగు చూపిస్తూ ఇంకో ఫోటో.

బాగుంది. నాకేం అభ్యంతరం లేదు. నేనూ అలాంటి భక్తుణ్ణే. నా పేచీ ఆ గిన్నెకి అవతల ఏముందో చూడనివాళ్ళతో.

టోంకోట్సు అంటే అర్థం ఏంటి? టోన్ అంటే పంది. కోట్సు అంటే ఎముక. అంతే. జెన్ బౌద్ధ తత్వం ఏమీ లేదందులో. తెలుగులో చెప్పాలంటే పంది బొమికల పులుసు. (రొట్టె పొడి అద్ది నూనెలో వేయించే టోంకత్సు వేరు. ఈ రెండూ కలిపేసే భక్తులు కూడా ఉన్నారు, వాళ్ళని వదిలేద్దాం.)

ఇది పుట్టింది రాజుగారి వంటింట్లో కాదు. క్యూషూ ద్వీపంలో ఫుకుఒకా దగ్గర కురుమే అని ఓ ఊరుంది. 1937లో అక్కడ నాన్కిన్ సెన్ర్యో అనే బండి మీద పంది ఎముకల సూపుతో రామెన్ అమ్మడం మొదలైంది. అప్పటికి సూపు ఇంత తెల్లగా ఉండేది కాదట. 1947లో అదే ఊళ్ళో సాన్‌క్యూ అనే ఇంకో బండి యజమాని, పొయ్యి వాళ్ళమ్మకి అప్పజెప్పి బయటికెళ్ళాడని, తిరిగొచ్చేసరికి పెద్ద మంట మీద మరిగి మరిగి సూపు పాలలా తెల్లబడిపోయిందని అక్కడ చెప్పుకుంటారు. పాడైపోయిందనుకుని రుచి చూస్తే అదిరిపోయింది! మన భాషలో చెప్పాలంటే బగ్గే ఫీచర్ అయింది. ఎవరూ కొనని ఎముకలు, తోపుడు బండి, పొయ్యి దగ్గర ఓ తల్లి. దీని వంశవృక్షం ఇది.

మరి ఇంట్లో చెయ్యాలంటే? 'అబ్బే, అది ఇంట్లో అయ్యే పని కాదు, మాస్టర్ల దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి' అంటారు భక్తులు. శుద్ధ అబద్ధం. ఇందులో రహస్యం లేదు, చాకిరీ ఉంది. రెండూ ఒకటి కాదు.

నేను చేసింది ఇదీ. మాంసం కొట్టులో ముందే చెప్పి, రెండు కిలోల తొడ ఎముకలు మూలుగ బయటపడేలా కోయించుకున్నా. ఒక కిలో పంది కాళ్ళు. శుక్రవారం రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఫ్రిజ్‌లో ఉంచా. నెత్తురు దిగిపోవాలి. శనివారం తెల్లారగట్ల లేచి, పెద్ద తపేలాలో మంచినీళ్ళు పోసి ఓ పావుగంట మరిగించా. పైకి బూడిదరంగు తెట్టు కడుతుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. ఆ నీళ్ళన్నీ పారబోసెయ్యాలి.

ఇక అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒక్కో ఎముకనీ కుళాయి కింద పెట్టి, పాత టూత్ బ్రష్షుతో తోమాలి. సందుల్లో గడ్డకట్టిన నల్లటి నెత్తురుంటుంది, పుల్లతో గీకి తియ్యాలి. కాళ్ళ వేళ్ళ మధ్య వెంట్రుకలు మిగిలితే కాల్చాలి. నాకు గంటంబావు పట్టింది. నడుం పట్టేసింది. టోంకోట్సుకి కంపు వచ్చేది ఎక్కువగా ఈ పని సరిగ్గా చెయ్యకపోవడం వల్లే. రంగు ముదరడానికీ ఇదే కారణం. మాస్టర్ల రహస్యం అన్నారే, సింహభాగం ఈ సింకు దగ్గరే ఉంది. దీని ఫోటో ఎవరూ పెట్టరు.

ఆ తర్వాత కడిగిన తపేలాలో ఎముకలు, కాళ్ళు, ఆరు లీటర్ల నీళ్ళు. మంట పెద్దది. మామూలుగా ఏ సూపైనా సన్నసెగ మీద కాచమంటారు, అప్పుడే తేటగా వస్తుంది. దీనికి సరిగ్గా ఉల్టా. సలసలా తెర్లుతూనే ఉండాలి. కాళ్ళ చర్మంలో, నరాల్లో ఉండే కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. ఎముకల్లోంచి మూలుగ, కొవ్వు బయటికొస్తాయి. నీళ్ళు జోరుగా తెర్లుతుంటే ఆ కొవ్వు కంటికి కనబడనంత చిన్న బిందువులుగా విడిపోతుంది, జెలటిన్ వాటిని మళ్ళీ ఒక్కటవ్వనివ్వదు. పాలు తెల్లగా కనబడేది కూడా నీళ్ళలో చెదిరిన కొవ్వు బిందువుల మీద వెలుతురు పడి చెల్లాచెదురవడం వల్లే కదా, ఇదీ అంతే. అందులో పాలు లేవు, క్రీమ్ లేదు. అరగంటలో అయిపోవాలని సోయా పాలు పోసి తెల్లగా చేసేవాళ్ళున్నారు. అది తాగొచ్చు, బాగానే ఉండొచ్చు. కాని దాన్ని టోంకోట్సు అనకండి. ప్రోగ్రాం రాయకుండా స్క్రీన్‌షాట్ చూపించి డెమో ఇచ్చినట్టుంటుంది.

పన్నెండు గంటలు. నీళ్ళు తగ్గినప్పుడల్లా వేణ్ణీళ్ళు పొయ్యాలి. అడుగంటకుండా కలుపుతుండాలి. మా స్టవ్‌తో ఇంకో చిక్కు, రెండు గంటలు ఏకధాటిగా వెలిగితే, ఎవరో మర్చిపోయారనుకుని తనంతట తనే ఆరిపోతుంది. దాంతో ఫోన్లో గంటా యాభై నిమిషాలకో అలారం. బయటికెళ్ళడానికి లేదు, నిద్ర లేదు. ప్రొడక్షన్ రిలీజ్ రోజు రాత్రి కూడా ఇంత కాపలా కాయలేదు నేను.

'కుక్కర్ వాడొచ్చుగా' అంటారా? వాడొచ్చు. నేనేం ఛాందసుణ్ణి కాను. కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, రెండు గంటల్లో ఎముకలు మెత్తబడతాయి. కాని మూత తీశాక కనీసం గంటసేపు పెద్ద మంట మీద తెరిచి మరిగించాలి, లేకపోతే కొవ్వు పైన తేలుతుంది, సూపు తెల్లబడదు. అంటే టైమ్ మిగుల్చుకోవచ్చు. ఎముకలు తోమే పని మాత్రం ఏ కుక్కరూ చేసిపెట్టదు.

మిగతాది తేలిక. సూపులో ఉప్పు వెయ్యకూడదు. ఉప్పు, సోయా సాస్, మిరిన్, కొంబు కలిపి కాచిన 'తారె' విడిగా ఉంటుంది. గిన్నె అడుగున రెండు చెంచాల తారె, దాని మీద ఒక పెద్ద కప్పు సూపు, అందులో సన్నటి నూడుల్స్. పైన సోయా సాస్‌లో ఉడికించిన పొట్ట మాంసం ముక్కలు, సగం ఉడికిన గుడ్డు, ఉల్లికాడలు, నల్ల పుట్టగొడుగు తరుగు, కాస్త ఎర్ర అల్లం. నూడుల్స్ నేను చెయ్యలేదు, కొన్నాను. అవి దొరకని చోట ఉన్నవాళ్ళకి ఓ చిట్కా: రామెన్ నూడుల్స్‌కి ఆ పసుపు రంగు, సాగే గుణం ఇచ్చేది క్షారం. వంట సోడాని పళ్ళెంలో పరిచి ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే కార్బన్ డయాక్సైడ్, నీరు పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. 100 గ్రాములు పెడితే 63 గ్రాములు రావాలి. తూచి చూసుకోండి, ఇంటర్ కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి పనికొస్తుంది. వంద గ్రాముల మైదాకి ఇది ఒక్క గ్రాము చాలు. చేత్తో ముట్టుకోకండి, చర్మం మండుతుంది.

సరే, ఆదివారం సంగతికొద్దాం.

నలుగురూ వచ్చారు. అందులో ఒకాయన మా అందరికీ పెద్ద భక్తుడు, హకతా దాకా బుల్లెట్ ట్రైనులో వెళ్ళి మరీ తిని వచ్చిన మనిషి. పిల్చినప్పుడు ఎగిరి గంతేశాడు. ఇంట్లో అడుగుపెట్టగానే ముక్కు మూసుకున్నాడు. 'ఏంటి బాస్ ఈ వాసన?' అన్నాడు. నువ్వు క్యూలో నిలబడి పీల్చే వాసనే అన్నా. నవ్వుతూ వంటింట్లోకొచ్చి తపేలా మూత తీశాడు. పన్నెండు గంటలు మరిగిన ఎముకలు, విచ్చుకుపోయిన కాళ్ళ వేళ్ళు పైకి తేలి ఉన్నాయి. టక్కున మూత పెట్టేశాడు.

'ఛ ఛ, ఇలాంటివి కొట్టులో తినాలి గానీ మనిళ్ళల్లో వండుతారా?' అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు, 'గిన్నెలు వేరే పెట్టావా, ఇందులోనే పప్పు కూడా వండుతావా?' మూడోవాడు కాస్త మర్యాదస్తుడు. గొంతు తగ్గించి, నా మొహంలోకి చూడకుండా అడిగాడు, 'మీ ఇంట్లో చిన్నప్పట్నుంచీ అలవాటా?'

తెలుగువాడికి ఆ ప్రశ్న ఎందుకో వేరే చెప్పాలా? 'మీరేవిట్లు?' అని అడగడం ఈ రోజుల్లో బాగోదు కాబట్టి దాన్నే చుట్టూ తిప్పి అడిగాడు. ఇంటర్వ్యూలో అల్గారిథం అడిగినట్టు.

నాలుగోవాడు ఏమీ మాట్లాడకుండా రెండు గిన్నెలు తాగాడు. వాడికి నా నమస్కారం.

ఇప్పుడు ఒక్కో మాటకీ జవాబు చెప్తా. అక్కడ చెప్పలేకపోయా, అతిథులు కదా.

తిననివాళ్ళతో నాకు ఏ పేచీ లేదు. శాకాహారులు, మతం రీత్యా పంది ముట్టనివాళ్ళు, ఇష్టం లేనివాళ్ళు, అది వాళ్ళ కంచం. నేను మాట్లాడుతున్నది కొట్టులో వెయ్యి యెన్‌లు పెట్టి తాగి, అదే సూపు ఇంట్లో కాస్తే ముక్కు మూసుకునేవాళ్ళ గురించి. వాళ్ళకి మాంసంతో ఇబ్బంది లేదు, ఎముకతో లేదు, చివరికి వాసనతో కూడా లేదు. అది మన ఇంట్లో, మన చేతుల్తో, మన గిన్నెల్లో జరగడమే ఇబ్బంది. కౌంటర్ అవతల జపాన్ వాడు చేస్తే కళ. ఇవతల నేను చేస్తే నీచు.

ఇక 'శుభ్రం'. ఇది మనవాళ్ళకి బ్రహ్మాస్త్రం. పందిలో పురుగులుంటాయి, మెదడుకెక్కుతాయి అంటారు. బద్దెపురుగు గుడ్లు మెదడుకి చేరి జబ్బు చెయ్యడం నిజమే. కాని అవి పంది మాంసం తింటే రావు. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం నుంచి, కడగని చేతుల ద్వారా, కలుషితమైన నీళ్ళూ ఆకుకూరల ద్వారా వస్తాయి. అందుకే ఆ జబ్బు జన్మలో మాంసం ముట్టనివాళ్ళకి కూడా రావచ్చు. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగుల్లో చేరుతుంది, అదీ నిజమే. మరి ఆ పందికి ఎలా వచ్చింది? మనిషి మలం తినడం వల్ల. అంటే అపరాధి మన మరుగుదొడ్డి, శిక్ష పందికి, మచ్చ పందిని తినే మనిషికి. పన్నెండు గంటలు తెర్లిన నీళ్ళలో బతికే పురుగేదో ఎవరైనా చూపిస్తే ఉద్యోగం మానేసి దాని మీద పరిశోధన చేస్తా.

'జపాన్ వాళ్ళ పద్ధతి వేరులే' అంటారు. అదీ చూద్దాం. ఈ దేశంలో 675వ సంవత్సరంలో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినడం మీద నిషేధం పెట్టాడు, ఏడాదిలో సగం నెలల పాటు. ఆ తర్వాత వందల ఏళ్ళ పాటు మాంసం అంటే మైల అనే భావం బలంగా ఉండేది. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డు మాంసం తిన్నానని బాహాటంగా తెలియజేస్తే అది పెద్ద వార్త అయింది. పశువుల్ని కోసేవాళ్ళనీ, తోలు పని చేసేవాళ్ళనీ ఇక్కడా ఊరవతలే పెట్టారు. 1871లో చట్టం ఆ అంతరాన్ని కొట్టేసింది. బురాకుమిన్ అనే పేరు మాత్రం వాళ్ళ వారసుల్ని పెళ్ళిళ్ళలో, ఉద్యోగాల్లో వెంటాడుతూనే వచ్చింది. చదువుతుంటే మన ఊరి కథ చదివినట్టు లేదూ?

మనవాళ్ళకి బాగా తెలిసిన చోటు ఒకటి చెప్తా. షినగావా స్టేషన్, కోనన్ వైపు ద్వారం. అటు వెళ్తే అద్దాల మేడలు, అందులో ఐటీ ఆఫీసులు. ఆ మేడల పక్కనే, స్టేషన్ నుంచి నాలుగడుగుల దూరంలో, షిబౌరా మాంసం మార్కెట్టు ఉంది, కబేళాతో సహా. అందులోనే మాంసం గురించి తెలియజేసే చిన్న ప్రదర్శనశాల ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళని తిడుతూ, అవమానిస్తూ వచ్చిన ఉత్తరాలు కూడా అందులో పెట్టారు. రామెన్‌కి ప్రపంచమంతా హారతులు పడుతుంటే, ఆ ఎముకని గిన్నె దాకా చేర్చిన మనిషికి వచ్చేది ఇదీ. కాబట్టి జపాన్ వాడు మనకంటే మెరుగని నేననను. వాళ్ళు చేసిన తప్పుని వాళ్ళు గోడకి తగిలించి చూపిస్తున్నారు, అంతవరకు మెరుగు. మనం ఆ పక్క మేడలోనే కాఫీ తాగుతూ మధ్యాహ్నం ఏ రామెన్ కొట్టుకెళ్దామా అని ఆలోచిస్తుంటాం.

ఇక మూడోవాడి ప్రశ్న. చిన్నప్పట్నుంచీ అలవాటా?

అవును. అలవాటే.

మా నాయనమ్మ వండేది. నెలకో రెణ్ణెల్లకో ఓ ఆదివారం. కాళ్ళు, తల, చౌకగా దొరికే ముక్కలు. పెరట్లో రాతి మీద కూర్చుని, ఒక్కో కాలినీ మంట మీద తిప్పి, కత్తి వెనక వైపుతో గీకి, పసుపు రాసి కడిగేది. పొద్దుటే మొదలుపెడితే మధ్యాహ్నానికి పులుసు. వెల్లుల్లి, కారం, ధనియాలు. అది మరుగుతుంటే ముందుగా వీధివైపు కిటికీ మూసేది. తర్వాత సాంబ్రాణి వేసేది. నా చెయ్యి కడుగుతూ 'రేపు బళ్ళో చెప్పమాకయ్యా' అనేది. నేను చెప్పలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో నాలుగేళ్ళు, ఆదివారం మీ ఇంట్లో ఏం వండుతారని ఎవరడిగినా మటన్ అనే చెప్పా. మటన్ కొనే స్థోమత మాకు పండక్కి తప్ప లేదు.

పోయిన శుక్రవారం సింకు దగ్గర ఎముకలు నానబోస్తుంటే నాకు మాస్టర్లెవరూ గుర్తుకు రాలేదు. శనివారం బ్రష్షుతో తోముతుంటే నా చేతులు ఏం చెయ్యాలో నాకంటే ముందే వాటికి తెలుసనిపించింది. ఏళ్ళ తరబడి నేర్చుకోవాలన్నారే, ఆ నేర్పు మా పెరట్లో ఉండేది. దానికి బోర్డు లేదు, క్యూ లేదు. మూసిన కిటికీ ఉండేది.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది, అదీ చెప్పేస్తా. శనివారం పొద్దున తపేలా పొయ్యి మీద పెట్టగానే నేను చేసిన మొదటి పని, లేచి వంటింటి కిటికీ మూసెయ్యడం. పై అంతస్తులో తెలుగువాళ్ళున్నారు. వాసన వెళ్తుందేమోనని. ఎవరూ చెప్పలేదు, నాయనమ్మ పోయి ఆరేళ్ళయింది. చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

కాబట్టి ఈ తిట్లన్నీ స్నేహితులకే అనుకోకండి. సగం నాకు కూడా.

భక్తులకి నా మనవి ఒక్కటే. ఒక్కసారి ఇంట్లో చెయ్యండి. రెండు కిలోల ఎముకలు తెచ్చి, మీ చేతుల్తో ఒక్కోటీ తోమండి. పన్నెండు గంటలు కాపలా కాయండి. ఆ తర్వాత కూడా ఇది కళ అనిపిస్తే, మన ఊళ్ళో ఇదే పని తరతరాలుగా చేసినవాళ్ళని కూడా అదే మాటతో పిలవండి. అది మీ వల్ల కాకపోతే కొట్టుకే వెళ్ళండి, తినండి, హాయిగా ఫోటో పెట్టుకోండి. నా వంటింట్లో మూత తీసి మొహం చిట్లించకండి, అంతే.

వచ్చే నెల మళ్ళీ కాస్తున్నా. ఈసారి జపాన్ పద్ధతి కాదు, నాయనమ్మ పద్ధతి, వెల్లుల్లి కారం వేసి. పిలుస్తా, నలుగుర్నీ పిలుస్తా. కిటికీ మాత్రం తెరిచే ఉంటుంది.